జంట కణాలు

"మీవాళ్ళిద్దరూ ఒకే తాటిదుంగ మీద కొట్టుకొచ్చారు. ఒకరు వార్డులో ఉన్నారు, ఒకరు వెనక శవాల షెడ్డులో" అని నడుస్తూనే చెప్పి కాంపౌండరు వెళ్ళిపోయాడు.

ఉప్పెన వచ్చిన మూడోనాడు తండ్రినీ తమ్ముడినీ వెతుక్కుంటూ బెజవాడ నుంచి వచ్చిన ఫిజిక్సు లెక్చరరు లాజరు వార్డు వైపు కదిలాడు. తెల్లారకముందే వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న తల్లి ఆదెమ్మ అతని చొక్కా పట్టుకుంది.

"ఉండరా. కాలేజీలో చెప్తావే, జంట కణాల పాఠం, అది చెప్పు."

"ఇప్పుడా అమ్మా?"

"చెప్పు."

"రెండూ కలిసి పుడతాయి. ఎంత దూరం పోయినా, ఒకదాన్ని చూస్తే రెండోది ఏమిటో ఆ క్షణమే తెలిసిపోతుంది."

"మరి చూడకముందు?"

"ముందే ఖాయమై ఉంటుందని కొందరంటారు. చూసేదాకా ఏదీ ఖాయం కాదని కొందరు. ఆ తగువింకా తెగలేదు."

"నువ్వెటు?"

"క్లాసులో అయితే మొదటి మాటే అంటాను. ఇవాళ రెండోది నిజమైతే బాగుండును."

"నీ చదువు తగలెయ్య" అని ఆదెమ్మ చొక్కా వదిలేసింది. "పొద్దున్నే రెండు చోట్లా చూసొచ్చాను. నీకైనా కాసేపు ఇద్దరూ ఉంటారని ఆపాను. వార్డులో ఉన్నది మీ నాన్న."