ముందు చక్రం

“శనివారంలోగా ముందు చక్రం నేల మీంచి లేవకపోతే నా మోటారుసైకిల్ ఆర్న్‌ఫిన్‌కి అమ్మేస్తాను,” అంది తూరిడ్. భుజం విరిగి చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతున్నా మాటలో బింకం తగ్గలేదు. ఆర్న్‌ఫిన్ ఆమెతో కలిసి బళ్ళు నడిపే స్నేహితుడు.

“ఒక్క చలికాలం నేల మీదుంటే ఏం కొంప మునుగుతుంది?” అన్నాడు ఆమె భర్త ఓడ్వార్.

“ఏప్రిల్ దాకా ఒకేచోట బరువు మోస్తే టైరు పాడవుతుంది. అసలే షెడ్డు నేల గడ్డకట్టేస్తుంది. నా కళ్ళ ముందు పాడవడం కంటే చూసుకునేవాడి దగ్గరుండటం నయం.”

ఆ మాట అని కిటికీ వైపు తిరిగింది. ఆమె కళ్ళు తడవడం ఓడ్వార్ చూశాడు.

అతను లైబ్రరీలో పుస్తకాలు సర్దే మనిషి. బండి చప్పుడు మీద విసుక్కోవడమే తప్ప దాన్నెన్నడూ ముట్టుకున్న పాపాన పోలేదు. అలాంటివాడు ఆ పూటే షెడ్డులో దూరాడు.

వెనక చక్రాన్ని లేపి నిలబెట్టే స్టాండ్ ఉంది. లేనిది ముందుదానికే. పక్కింటివాళ్ళనడిగి తెచ్చిన స్టాండ్ మడ్‌గార్డ్‌కి తగులుకుంది. ఓడ్వార్ చల్లటి నేల మీద వెల్లకిలా పడుకుని చూశాడు. హ్యాండిల్ కింద, చక్రాన్ని పట్టి ఉంచే రెండు ఫోర్కుల నడుమ ఒక రంధ్రం కనబడింది. అందులో పిన్ను దూర్చి లేపే స్టాండ్ అయితే మడ్‌గార్డ్ గొడవే ఉండదు. కానీ ఆ రంధ్రం కొలత ఎంత? అక్కడికి స్కేలు అందలేదు. వంటింట్లోకి వెళ్ళి, సూప్ కోసం తీసిపెట్టిన క్యారెట్ తెచ్చి, రంధ్రంలో పెట్టి గట్టిగా తిప్పాడు. రంధ్రం అంచు చెక్కడంతో క్యారెట్ సరిగ్గా ఆ కొలతకు తేలింది. ఇలాంటి బుర్ర ఎంతమందికుంటుంది చెప్పండి.

మర్నాడు టిన్సెట్ పట్నంలోని బండి సామాన్ల కొట్టులో దాన్ని బల్ల మీద పెట్టాడు.

“తినమనా?” అన్నాడు కొట్టతను.

“కొలవమని.”

కొట్టతను నవ్వుతూనే కొలిచి, దానికి సరిపడే పిన్నూ స్టాండూ తెచ్చి ఇచ్చాడు.

“అందరూ వచ్చి వేళ్ళతో గాల్లో ‘ఇంతుంటుంది’ అని చూపిస్తారు. కొలత పట్టుకొచ్చింది నువ్వొక్కడివే. ఒక్కటి గుర్తుంచుకో పెద్దాయనా. ముందు వెనకది, వెనక ముందుది.”

“ఏది ముందు?”

“వెనకది. తిరగేశావంటే బండి నీ మీదకొస్తుంది.”

శుక్రవారం సాయంత్రం ఓడ్వార్ దారి పొడుగునా వల్లించుకున్న ఆ మాటే గొణుక్కుంటూ వెనక చక్రం లేపాడు. పిన్ను రంధ్రంలో కూర్చోబెట్టి, ఊపిరి బిగబట్టి స్టాండ్ పిడి కిందికి నొక్కాడు. ముందు చక్రం నేలను వదిలింది. బండి ఇటూ అటూ ఒరగలేదు.

తూరిడ్ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. ఒక్క వేలితో చక్రాన్ని తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. “చెడ్డగా లేదు,” అంది. ఆ ఊళ్ళో అంతకు మించిన మెప్పు లేదు. పెళ్ళి రోజున ఓడ్వార్‌ని చూసి కూడా ఆమె అంతే అంది.

అతని సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కాళ్ళు తుడుచుకుని ఇంట్లో అడుగుపెడుతుంటే ఆమె ఫోన్‌లో మాట్లాడుతోంది.

“ఆఁ, లేపాడు, ఆర్న్‌ఫిన్. నువ్వు రేపు ట్రైలర్ వేసుకుని వచ్చెయ్. లేదు లేదు, ఆయనకి చెప్పలేదు.”

ఓడ్వార్ గుమ్మంలోనే ఆగిపోయాడు. లేపినా అమ్మేస్తోందన్నమాట. చప్పుడు కాకుండా మళ్ళీ షెడ్డులోకే వెళ్ళిపోయాడు. ఆ రాత్రి సూప్ అలాగే చల్లారిపోయింది.

శనివారం ఉదయం ట్రైలర్ తగిలించిన కారు వాకిట్లోకి వచ్చింది. ఆర్న్‌ఫిన్ దిగేసరికి ఓడ్వార్ షెడ్డు తలుపుకు అడ్డంగా చేతులు చాచి నిలబడి ఉన్నాడు.

“బండి ఇవ్వను,” అన్నాడు.

“ఏంటి నీ గోల?” అన్నాడు ఆర్న్‌ఫిన్. ఇంట్లోంచి తూరిడ్ కూడా వాకిట్లోకి వచ్చింది.

“నాకు ఆ చప్పుడంటే పడదు. నిజమే. కానీ హెల్మెట్ తీసి ఇంట్లోకి వచ్చేటప్పుడు ఈవిడ ముఖం నువ్వు చూడలేదు, నేను చూశాను. ఆ ముఖం లేకుండా నాకు వేసవి వద్దు.”

ఓడ్వార్ ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం వాళ్ళిద్దరూ ఎన్నడూ వినలేదు. ఆర్న్‌ఫిన్ తూరిడ్ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను వెళ్ళి ట్రైలర్ మీద కప్పిన టార్పాలిన్ లాగాడు.

కింద ఓ చిన్న నీలం రంగు మోటారుసైకిల్ ఉంది.

తూరిడ్ షెడ్డు దగ్గరికొచ్చి, మంచి చేత్తో భర్త భుజం తట్టింది.

“అడ్డం తప్పుకో ఓడ్వార్, నీ బండి లోపల పెట్టాలి.”