జంగమ్మ చెలకలో రాయి

నేను చెప్పే కథలో కల్పన రవ్వంత కూడా ఉండదు. కావాలంటే శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఎవరినైనా అడగండి.

రెండువేల మూడో సంవత్సరం చక్రపాణి సారుకు కలిసొచ్చినట్టు ఇంకెవరికీ కలిసిరాలేదు. ఆయన బడిపంతులుగా రిటైరై, చుట్టుపక్కల ఊళ్ల చరిత్ర రాస్తూ తిరిగే మనిషి. పొలాల్లో పడి ఉన్న పాత రాళ్లను తెచ్చి బడి ఆవరణలో నిలబెట్టాడు. వాటి మీద పుస్తకం వేశాడు.

అన్నిటికంటే గొప్పది జంగమ్మ చెలకలోని వీరుడి రాయి. కత్తి పట్టిన మనిషి బొమ్మ, దాని కింద పాత లిపిలో రాత.

తీసుకుపోతామంటే జంగమ్మ అడ్డం నిలబడింది.

"గది మా తాతల తాత సారూ. ఊరి పసులను దొంగలు తోలుకపోతుంటే ఎదురువోయి సచ్చిండు. గందుకే రాజు గీ చెలక మాకిచ్చిండట. సూర్యుడు సంద్రుడు ఉన్నన్ని దినాలు మీదేనని రాయి మీద రాయించిండట. జర సదివి చెప్పు."

సారు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అక్షరాల మీద పిండి రుద్ది, గుడ్డతో తుడిచి, చాలాసేపు చూశాడు. పై వరుసలు బాగానే ఉన్నాయి. కింది రెండూ పూర్తిగా అరిగిపోయాయి. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"వానలు తినేసినయి అవ్వా. మీ తాత పేరుంది, సచ్చిపోయిన తీరుంది. చెలక ముచ్చట కానొస్తలేదు. ఇట్లనే ఇడిసిపెడితే ఆ పేరు గూడ పోతది."

పేరు పోతుందనేసరికి జంగమ్మ పక్కకు జరిగింది. తానే రాయికి పసుపు రాసి సాగనంపింది.

రాయిని మోసిన ట్రాక్టరు రాఘవేందర్‌ది. కరీంనగర్ రోడ్డు పక్కన ప్లాట్లు చేసి అమ్మే రాఘవేందర్‌కు చరిత్రంటే అంత మమకారమని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. పుస్తకం అచ్చు ఖర్చు కూడా ఆయనే పెట్టుకున్నాడు. బడిలో రాయిని నిలబెట్టేటప్పుడు, అరిగిన భాగమే కదా అని సారు కింది జానెడు సిమెంటులోకి దింపించాడు.

ఎండాకాలం వచ్చేసరికి, ఆ చెలక తన తాతదని రాఘవేందర్ లేచాడు. జంగమ్మ దగ్గర కాగితం లేదు. రాయే కాగితమనుకుంటూ వచ్చిన వంశం. విచారణకు వచ్చిన రెవెన్యూ ఆఫీసరు ముందు ఆ మాటే చెప్పింది. ఆయన సారు పుస్తకం తెరిచాడు. 'కింది రెండు వరుసలు శిథిలం' అని ఉంది. మూసేశాడు.

జంగమ్మ బడికి ఉరికింది.

"సారూ, నీ కాల్మొక్త. సిమెంటు పలగ్గొట్టి ఇంకోపారి సూడు."

"రాయి పగులుతది అవ్వా. మీ తాతను నా చేతులతోని ముక్కలు చెయ్యమంటవా?"

"అయ్యో, వద్దు సారూ!" అని ఆమే ఆయనను ఓదార్చింది.

చెలకలో ప్లాట్లు పడ్డాయి. దసరా ముందు సారుకు శాలువా కప్పారు. "గీ సారే లేకుంటే మన ఊరి చరిత్ర మట్టిల కలుస్తుండె" అని రాఘవేందర్ మైకులో గొంతు గద్గదం చేసుకున్నాడు. సారు మాత్రం జంగమ్మను మరిచిపోలేదు. బడి ఊడ్చే పని ఇప్పించాడు. ఆమె రోజూ ఆ రాయి చుట్టూ ఊడుస్తుంది. సారు కనబడితే చీపురు పక్కన పెట్టి, "మా తాతను కాపాడినవు" అని దండం పెడుతుంది.

మొదట్లో గొప్పలు పోయాను గానీ, ఒక్క ముక్క కల్పించాను లెండి: ఆ రెండు వరుసలు అరిగిపోలేదు.