నీళ్లు రాని వీధి

“ఈ గోడకి రంగు నడుం ఎత్తు వరకే కొత్తగా ఉందేంటమ్మా?”

ఆఫీసు కోసం ఇల్లు అద్దెకు చూడటానికి వచ్చిన మనిషి గోడ మీద వేలు రాసి, ఆ వేలిని వెలుగులో పెట్టి చూసుకున్నాడు. ఇంటావిడ టీచరమ్మ గబుక్కున ఆ గోడకి అడ్డంగా నిలబడింది. ముప్పై ఏళ్లు తరగతి గదిలో పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి ఆవిడ. సొంతంగా ఆడటం మాత్రం కొత్త.

“కుర్చీలు రాసుకుని మాసిపోయింది బాబూ. అందుకని కింది భాగమే వేయించాం.”

“మరి స్విచ్చులన్నీ నా తలకంటే ఎత్తులో ఉన్నాయి?”

“మనవలు వేళ్లు పెడతారని.”

“ఎంతమంది మనవలు?”

“ఇంకా పుట్టలేదు,” అనేసి నాలుక కరుచుకుంది.

అతను నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో చూద్దామని ఆవిడ మెడ చాచింది కానీ, అతను చటుక్కున మూసేశాడు.

ఆ వీధివాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. నీళ్ల సంగతి బయటివాళ్ల ముందు ఎత్తకూడదు. వాన వెలిసిన వారానికల్లా అందరూ కూడబలుక్కుని బురద కడిగి, రంగులు వేయించి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు. నష్టం రాసుకోవడానికి సర్కారు మనుషులు వచ్చినా “మాకేం కాలేదండీ” అని సాగనంపుతారు. ఒకసారి కాగితం మీదకి ఎక్కితే ఇళ్లు కొనే నాథుడుండడని భయం. అందువల్ల ఏ రికార్డు తిరగేసినా ఆ వీధిలో చుక్క నీరు నిలిచినట్టు కనపడదు.

పోయిన ఏడాది వానల్లో టీచరమ్మ, పక్షవాతంతో మంచాన పడ్డ భర్తని భోజనాల బల్ల మీదకి ఎక్కించి, నడుం లోతు నీళ్లలో ఆయన్ని పట్టుకుని ఒకటిన్నర రోజు నిలబడింది. కేకలు వేసి వేసి గొంతు పోయింది. ఎవ్వరూ రాలేదు. ఇంకో వాన ఈ ఇంట్లో చూడనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. మెరక మీద, బడి పక్కన, రెండో అంతస్తులో ఒక వాటా చూసిపెట్టుకుంది. ఈ ఇల్లు అద్దెకు పోతేనే అక్కడికి మారడం. వానలకి ఇంకా నెల కూడా లేదు.

కానీ ఈ వచ్చిన మనిషి వాలకమే ఆవిడకి నచ్చలేదు.

“ఇంతకీ మీది ఏం ఆఫీసు బాబూ?”

“చెబితే ప్రతి వీధివాళ్లూ ‘మా వీధికే రండి’ అంటారమ్మా. అందుకే ముందు చూస్తాం, తర్వాత చెబుతాం. మొన్నటి గాలివానకి పాత చోట పైకప్పు ఎగిరిపోయింది. ఈసారి వానా, గాలీ, అన్నీ విచారించుకునే మారదామని.”

“ఎంతమంది ఉంటారు?”

“పన్నెండు మంది. వంతులవారీగా ఇక్కడే పడుకుంటారు.”

ఆఫీసులో పడకలేమిటి? పేకాట క్లబ్బు కాదు కదా! ఆవిడ ఇంకా తేల్చుకోకముందే అతను గేటు నుంచి వరండా దాకా టేపు పరిచాడు.

“పద్దెనిమిది అడుగుల పొడుగుంటుంది మా సామాను. పడుతుందా?”

“అంత పొడుగు సామానేంటి?”

“ఉందిలెండి.”

దొంగసరుకే అయివుంటుందని ఆవిడకి రూఢి అయిపోయింది. అయినా సరే, ఎవరో ఒకరు దిగితే చాలనుకుంది.

“వాన గట్టిగా కురిస్తే నీళ్లు ఎటునుంచి వస్తాయమ్మా?”

“నీళ్లా? ఏ నీళ్లు?”

“నడుం దాకా!” లోపలి గదిలోంచి భర్త గొంతెత్తాడు. కాలూ చెయ్యీ పడిపోయినా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

“నడుం నొప్పి ఆయనకి,” అంటూ ఆవిడ వెళ్లి ఆ గది తలుపు దగ్గరగా వేసొచ్చింది.

అతను పిట్టగోడ దగ్గరికెళ్లి పక్కింటి టైలర్ని పలకరించాడు. “మీ వీధిలో నీళ్లు నిలుస్తాయా?”

టైలరు ఓసారి ఆవిడ ముఖం చూశాడు. “బుద్ధెరిగాక చూళ్లేదండీ. కావాలంటే మన టీచరమ్మగారిని అడగండి, అబద్ధం ఆడే మనిషి కాదు.”

పోయిన వానల్లో రెండు కుట్టుమిషన్లు నీళ్లపాలై, నెల్లాళ్లు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నవాడు ఆ మాట ఎంత తొణక్కుండా అన్నాడో!

అతను వెనక్కి వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. ఇప్పుడు గొంతు మారింది.

“అమ్మా, పిల్లలకి చదువు చెప్పినవారు మీరు. మీ మాటే రాసుకుంటాను. ఇది ప్రాణాలతో పని. ఇక్కడ వరద వస్తుందా, రాదా?”

పన్నెండు మంది. ఒక్కొక్కడికీ ఇంటి దగ్గర తల్లో, పెళ్లామో ఉండే ఉంటుంది. నిజం గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే లోపల ఆయన దగ్గాడు. బల్ల మీద పడుకుని ఆయన తన కొంగు వదలకుండా పట్టుకున్న ఆ ఒక్క చెయ్యీ ఆవిడకి గుర్తొచ్చింది.

“రాదు బాబూ. ఎప్పుడూ రాలేదు. నా మాట నమ్ము.”

“నమ్మానమ్మా. మా రికార్డుల్లోనూ అదే ఉంది. గోడలు చూసి అనుమానపడ్డాను, ఏమీ అనుకోకండి. మా ఆఫీసరుగారికి ఇప్పుడే చెప్పేస్తాను.”

అతను ఫోను తీసి గేటు దాటాడు. మనసు పీకుతున్నా, ఆవిడకి ఏడాది తర్వాత మొదటిసారి ఊపిరి ఆడినట్టయింది. పది రోజుల్లో ఆయన మంచం రెండో అంతస్తులో ఉంటుంది. తలుపు చాటున నిలబడి చెవులు రిక్కించింది.

“సార్, ఈ వీధికి వరద రక్షణ కేంద్రం అక్కర్లేదు.”