ముక్కు మీద పట్టీ

"వాడే. నూటికి నూరుపాళ్లూ వాడే" అని గొణుక్కున్నాడు కాలేజీ డీన్ లాత్రప్, టోపీ కళ్లమీదికి లాక్కుంటూ.

మైదానంలో పదకొండో నంబరు ఆటగాడు అమెరికన్ ఫుట్‌బాల్ కోలబంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తుతున్నాడు. నెత్తిన తోలు టోపీ, నిలువెల్లా బురద, ముక్కు మీదుగా రెండు బుగ్గలదాకా వెడల్పాటి తెల్ల పట్టీ. ఒహాయోలోని ఆ బొగ్గుగనుల ఊళ్లో ఆదివారం నాడు అలాంటి పట్టీలకు కొదవ లేదు. శనివారం కాలేజీ పరువు కోసం ఆడిన కుర్రాళ్లే ఆదివారం దొంగపేరు పెట్టుకుని, మొహాన పట్టీ అంటించుకుని కూలికి ఆడతారు. దొరికితే చదువు గంగలో కలిసినట్టే.

చర్చి మానేసి ఇక్కడికి రావలసి రావడం లాత్రప్‌కు తలకొట్టేసినట్టుంది. చుట్టూ గనికూలీలు, సాసేజీల కమురు వాసన, కోట్ల చాటున చేతులు మారుతున్న దొంగసారా సీసాలు. ఇదీ ఒక ఆటేనా? పశువుల సంత ఇంతకన్నా మర్యాదగా ఉంటుంది.

ఆయన వేటాడుతున్నది వెస్లీ క్రెయిన్‌ని. కాలేజీ జట్టుకు ప్రాణం, జూన్‌లో పట్టా పుచ్చుకోవలసిన కుర్రాడు. ఆదివారాలు డబ్బుకు ఆడుతున్నాడని గుసగుసలు. వెస్లీ మాత్రం అక్క ఇంటికి వెళ్తున్నానని ఒట్టు పెట్టుకున్నాడు. క్రమశిక్షణ సంఘంలో అందరికన్నా మండిపడ్డది కోచ్ బెక్విత్. తన శిష్యుడే అయినా దయ చూపొద్దన్నాడు.

"డబ్బుకు ఆడేవాడు ఆటగాడు కాదండీ, అద్దె గాడిద" అని బల్ల గుద్దాడు.

ముప్ఫై దాటలేదు గానీ బెక్విత్‌ది అంతటి నిష్ఠ. శనివారం ఆట అవగానే, మంచం పట్టిన పిన్నమ్మకు బైబిలు చదివి వినిపించడానికి రైలెక్కేస్తాడు. లేకపోతే లాత్రప్ ఆయన్నే వెంటబెట్టుకొచ్చేవాడు.

ఇద్దరు మీద పడబోయారు. పదకొండో నంబరు వాళ్లకు వీపు చూపించి గిర్రున తిరిగి, బంతిని రెండో చంకలోకి మార్చి, మధ్యనుంచి జారిపోయాడు. లాత్రప్ పళ్లు కొరికాడు. ఆ తిరుగుడు బెక్విత్ సొంతంగా కనిపెట్టింది. గేట్లు మూసి మరీ నేర్పేవాడు. ఎందరికి నేర్పినా అబ్బింది ఒక్క వెస్లీకే. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఆట ముగియగానే, ఆటగాళ్లు బట్టలు మార్చుకునే రేకుల షెడ్డు వైపు నడిచాడు. గుమ్మానికి అడ్డంగా గస్ జిమెక్ నిలబడ్డాడు. ఆ జట్టుకు కోచూ అతనే, ముందువరస ఆటగాడూ అతనే. ఏళ్ల తరబడి గనుల ఊళ్లన్నిటా ఆడి, రెండు చెవులూ నలిగి ముద్దలైన మనిషి.

"దారి తప్పారా పంతులుగారూ? చర్చి అటువైపు."

"నా విద్యార్థి లోపలున్నాడు. పదకొండో నంబరు."

"మా పదకొండో నంబరు పేరు స్మిత్."

"మీ జట్టులో ఎంతమంది స్మిత్‌లు?"

"ఈవారం నలుగురు. పెద్ద కుటుంబం."

చదువుకునే పిల్లల్ని పాడుచేసే వాళ్లతో పరాచికాలాడనన్నాడు లాత్రప్. జిమెక్ పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"శనివారం మీరు టికెట్లమ్మి మేడలు కట్టుకుంటే విద్యాదానం. ఆదివారం ఒళ్లు హూనం చేసుకున్నవాడి చేతిలో మేం నాలుగు డాలర్లు పెడితే పాపం. బాగుందయ్యా మీ ధర్మం."

"రేపు గంట కొట్టేలోపు వాణ్ని తరిమేస్తాను. మా కోచ్‌కి మాటిచ్చాను."

జిమెక్ మొహం అదోలా అయింది. నవ్వు ఆపుకుంటున్నాడో, దగ్గు ఆపుకుంటున్నాడో తెలియలేదు. మెల్లగా పక్కకి జరిగాడు.

"వెళ్లండి. పట్టీ మాత్రం మీ చేత్తోనే పీక్కోండి. నొప్పి పుడితే నన్ననకండి."

పదకొండో నంబరు మూల చీకట్లో, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అడుగుల చప్పుడుకు తోలు టోపీ ఇంకా కిందికి లాక్కున్నాడు. లాత్రప్ భుజం పట్టుకుని ఇటు తిప్పాడు.

"సిగ్గులేదూ? ఆ మహానుభావుడికి ఈ సంగతి తెలిస్తే ఏమైపోతాడు?"

లాత్రప్ పట్టీ అంచు గోటితో లేపి, ఒక్క లాగు లాగాడు.

కోచ్ బెక్విత్ కళ్లు దించుకున్నాడు.