మూడో స్క్రూ

కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూలకు పదింటికి వస్తారని రజిత గంట ముందే నానక్‌రామ్‌గూడలోని ట్రైనింగ్ సెంటర్‌కు చేరింది. ల్యాబ్‌లో విద్యాసాగర్ సార్ ఫ్యాక్టరీ మెషీన్లను నడిపే పీఎల్‌సీ పని ఆమె రోజూ నేర్చుకునే కిట్ మీద వంగి, స్క్రూడ్రైవర్‌తో మూడో స్క్రూ వదులు చేస్తున్నాడు.

మూడు నెలలుగా ఆ కిట్‌లో లైటు మాటిమాటికీ ఆగిపోయేది. ఎప్పుడూ ఆ మూడో స్క్రూ కింది వైరే లూజు. పాత కిట్ కదా అనుకుని రజిత రెండు నిమిషాల్లో సరిచేసేది. "నీ చేతిల ఏదో ఉన్నది" అనేవాడు సార్. ఆ మాట నమ్మే ఆమె హౌస్‌కీపింగ్ పని మానేసింది.

"గిన్ని రోజులు మీరే లూజు చేసిన్రా సార్?"

సార్ ఉలిక్కిపడ్డాడు. "నీకు ధైర్యం రావాలని, రజితా. ఇయ్యాల కంపెనీవాళ్ళ ముంగట గూడ ఫాల్టు నువ్వే పట్టాలని..."

రజిత స్క్రూడ్రైవర్ లాక్కుని ఆ స్క్రూను గట్టిగా బిగించింది. స్క్రూడ్రైవర్ మళ్ళీ ఆయన చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది.

"ఇంకేదన్న ఖరాబ్ చెయ్యున్రి సార్. నేను చూడ. నాకు పని వచ్చిందో రాలేదో ఇయ్యాలనే తెల్వాలె."

వెనక స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద పెట్టేసిన చప్పుడైంది.

"నాకు గీ ఒక్క ఫాల్టే తెలుసమ్మా" అన్నాడు సార్.