నాలుగో పేజీలో తప్పు

"ఇది తప్పమ్మా."

హాలు గుమ్మం దగ్గర పాసులు చూస్తున్న మేనేజరమ్మ తలెత్తింది.

ఎదురుగా ఓ ముసలాయన. అప్పుడే పెట్టెలోంచి తీసినట్టుంది కోటు, మడతలు ఇంకా పోలేదు. చేతిలో ఆమె రాసిన చిన్న పుస్తకం. స్వరకర్తగా మాస్టారి తొలి రోజులన్నీ అందులో ఉన్నాయి. ఎనభయ్యో ఏట ఆయన ఇస్తున్న చివరి పియానో కచేరీకి వచ్చినవాళ్ళందరికీ పంచుతున్నారు.

"ఏది తప్పు?"

"నాలుగో పేజీ. మొదటి కచేరీలో హాలంతా చప్పట్లతో మార్మోగిందని రాశారు. మార్మోగలేదు."

ఆమెకు చుర్రుమంది. మాస్టారి సంగీతమంటే ఆమెకు ప్రాణం. ఏడాదిపాటు పాత పేపర్లన్నీ తిరగేసింది. ఆ మొదటి కచేరీ గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క దొరకలేదు. మాస్టారిని అడిగితే నవ్వి మాట దాటేశారు. అంతటి మనిషి కచేరీ ఎలా జరిగి ఉంటుందో ఊహించి రాసేసింది.

"మీ పాసేదీ?"

"పాసు లేదు. ఆయనే రమ్మని ఉత్తరం రాశారు."

"చూపించండి."

జేబులన్నీ తడుముకున్నాడు. "కోటు మార్చుకున్నానమ్మా. పాతదాంట్లో ఉండిపోయింది."

"ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి తెప్పించండి."

"ఇంట్లో ఎవరూ లేరు."

వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు.

"మాస్టారే రమ్మన్నారని పొద్దుట్నుంచి చెప్పినవాళ్ళలో మీరు ఏడోవారు, పెద్దాయనా. పక్కకు జరగండి."

"గోడవారగా నిలబడతాను. కుర్చీ అక్కర్లేదు."

"కుదరదన్నానా!"

ఆయన పుస్తకం బల్లమీద పెట్టి, "రాత మాత్రం బాగుందమ్మా" అంటూ మెల్లగా మెట్లు దిగాడు.

తలుపులు మూశారు.

మాస్టారు రెండు గంటలు వాయించారు. పన్నెండు వందల మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన చూపు మాత్రం మొదటి వరుస దగ్గరే ఆగిపోయింది.

జనం వెళ్ళిపోయాక ఆమెను పిలిచారు.

"మొదటి వరుస మధ్య కుర్చీలో ఎవరూ కూర్చోలేదేం?"

"మీరు ఖాళీగా ఉంచమన్నారు కదండీ."

"ఒకాయన కోసం ఉంచమన్నానమ్మా. గొడుగులు బాగుచేస్తారు. నాకంటే పెద్దాయన. ఆచూకీ తీయడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. తప్పకుండా వస్తానని జవాబు కూడా రాశారు."

ఆమె బయటికి పరుగెత్తింది.

మెట్లమీద ఎవరూ లేరు. వీధిలోనూ లేరు.

"ఆ కోటాయనా?" అన్నాడు వాచ్‌మన్. "ఇందాకటిదాకా గోడకు చెవి ఆనించి నిలబడ్డాడండీ. లోపల చప్పట్లు మొదలవగానే తనూ కాసేపు కొట్టి, బస్సెక్కి వెళ్ళిపోయాడు."

ఆమె తిరిగొచ్చేసరికి మాస్టారు వేదిక అంచున ఒక్కరే కూర్చుని ఉన్నారు.

"వచ్చారండీ... ఉత్తరం లేదని నేనే పంపేశాను. నాకు తెలీదు. ఆయన మీకు ఏమవుతారు?"

మాస్టారు ఖాళీ హాలు వైపే చూస్తూ చిన్నగా అన్నారు.

"నా మొదటి కచేరీకి వచ్చింది ఆయనొక్కరేనమ్మా."