ఎండని కాయ

పిల్లల కథలో ఎండనిది చేప. రైతు పానకాలు కల్లంలో ఎండనిది మిరపకాయ. పొద్దున్నే బస్తాలకెత్తాలి. పచ్చికాయ ఒక్కటున్నా బస్తా అంతా బూజు పడుతుంది. అందుకే మసక చీకట్లో రాశి పక్కన కూర్చుని, గుప్పెడేసి కాయలు తీసి, ఒక్కోటీ చెవి దగ్గర ఆడించి చూస్తున్నాడు. అన్నీ గలగలమన్నాయి. ఒకటి మాత్రం చప్పుడు చెయ్యలేదు. తుంచితే గుప్పున కుళ్ళు చేపల కంపు.

"రాజుగారి కొడుకులా అడగవయ్యా, ఎందుకెండలేదో!" నవ్వింది భార్య పేరమ్మ.

"ఏమే, ఎందుకెండలా?" అంటూ రాశిలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చాడు.

లోపలంతా వెచ్చటి జిగురు. పళ్ళులేని నోరేదో అతని వేళ్ళు చప్పరిస్తోంది.

"చెప్పిందా?" పేరమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.

చప్పరింపు ఆగింది.

"నాకెవరూ బువ్వెట్టలా," అంది రాశిలోంచి పసిగొంతు. ఈసారి అతని చేతిని మణికట్టుదాకా నోట్లోకి లాక్కుంది.